ఇల్లు అమ్మి ఇల్లు కొనేవాళ్ల కోసం ఒక గంట కేటాయించండి: ఇంగ్లండ్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది అక్టోబరులో ఒక శుక్రవారం మా అమ్మ పాలగిన్నె ఒళ్లో పెట్టుకుని, రోడ్డు పక్కన ఆపిన కారులో నాలుగు గంటలు కూర్చుంది. గుంటూరు నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చిన కొత్త ఇత్తడి గిన్నె అది. అందులో పాల సీసా, పసుపు కుంకుమ పొట్లాలు, పైన వెంకటేశ్వరస్వామి పటం. మధ్యాహ్నం 1 గంట 5 నిమిషాలకు పాలు పొంగించే ముహూర్తం. ఎదురుగా మేం కొన్న ఇల్లు. వెనక మా సామానంతా ఎక్కించిన వ్యాన్. రెడింగ్‌లోని మా ఫ్లాట్ తాళాలు పొద్దున 11 గంటలకే ఏజెంట్‌కు ఇచ్చేశాం. మధ్యాహ్నానికల్లా కొత్తవాళ్లు అందులో దిగిపోయారు. కొన్న ఇంటి తాళాలు మాత్రం మాకు రాలేదు. చిన్నవాడు ఆకలికి ఏడుస్తుంటే అమ్మ ఒళ్లోంచి గిన్నె దించకుండానే అరటిపండు ఒలిచి పెట్టింది. "ఇంకెంతసేపే?" అని ఒక్కసారే అడిగింది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

డబ్బు లేక ఆగలేదు. ఫ్లాట్ అమ్మిన డబ్బు 11:50కి ఒక సొలిసిటర్, అంటే ఇళ్ల అమ్మకాలు కొనుగోళ్లు చూసే లాయర్, ఆఫీసులో పడింది. ఆ డబ్బు వస్తే తప్ప ఇంటికి కట్టలేమని ఇంకో ఊళ్లో ఇంకో సొలిసిటర్ ఆఫీసు కాచుకుని ఉంది. మొదటి ఆఫీసు మా పాత మార్ట్‌గేజ్ తీర్చి, మిగిలిన డబ్బు రెండో ఆఫీసుకు పంపాలి. ఆ ఆఫీసు దానికి కొత్త లోన్ డబ్బు కలిపి, ఇల్లు అమ్మేవాళ్ల సొలిసిటర్‌కు పంపాలి. మొదటి ఆఫీసులో మా ఫైల్ చూసే అమ్మాయి లంచ్‌కు వెళ్లింది. పేమెంట్‌కు ఓకే చెప్పాల్సిన మేనేజర్ మీటింగ్‌లో ఉన్నాడు. మా ఆయన ఒక ఫోన్‌లో, నేను ఒక ఫోన్‌లో ఈ ఆఫీసు మాట ఆ ఆఫీసుకు, ఆ ఆఫీసు మాట ఈ ఆఫీసుకు మోశాం. తాళాలు 4:40కి చేతికొచ్చాయి.

ఇది మీకెందుకు రాస్తున్నానంటే, ఆ రెండు ఆఫీసుల్లో ఒకదాని పేరు మాకు ఎస్టేట్ ఏజెంట్ ఇచ్చాడు. రెండోది ఉగాది సంబరాల హాల్లో, స్పాన్సర్ల బల్ల మీద, పులిహోర ప్లేటు పక్కన దొరికింది. ఏ సంఘమో చెప్పను. మీరంతా ఉద్యోగాలు చేసుకుంటూ, శని ఆదివారాలు త్యాగం చేసి పండగలు నడుపుతున్నారు. స్పాన్సర్లు లేకపోతే హాలు అద్దె కూడా రాదని నాకు తెలుసు. కానీ సంఘం బల్ల మీద ఉన్న పేరును మనవాళ్లు అడక్కుండానే నమ్ముతారు. మేమూ అలాగే నమ్మాం. ఆ నమ్మకం మీ చేతుల్లో ఉంది కాబట్టే మిమ్మల్ని ఒకటి అడగబోతున్నాను. అంతకన్నా ముందు, మాకు అనుభవమయ్యాక గానీ తెలియని విషయాలు చెప్పాలి.

మనం ఇక్కడికి వచ్చేటప్పుడు ఇల్లు కొనడమంటే మన ఊళ్లో చూసిందే మనసులో ఉంటుంది. బయానా ఇస్తారు, అగ్రిమెంట్ రాసుకుంటారు, ఈసీ తీయిస్తారు. దస్తావేజు లేఖరి రెండు వైపులా తనే చూసుకుంటాడు. ఒక రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి వేలిముద్రలు వేస్తే పని అయిపోతుంది. అందుకే ఇక్కడ సొలిసిటర్ అనగానే కాగితాలు రాసిపెట్టే మనిషే కదా, ఎవరైనా ఒకటే, చవగ్గా ఎవరు చేస్తే వాళ్లకిద్దాం అనుకుంటాం. ఇంగ్లండ్, వేల్స్‌లో లెక్క వేరు. మీ ఆఫర్ ఒప్పుకున్నామని ఎదుటివాళ్లు చెప్పినా అది సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్, అంటే కాంట్రాక్టు కుదిరితేనే చెల్లే మాట మాత్రమే. కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా, అంటే సంతకాలు చేసిన కాంట్రాక్టులు రెండు వైపులా మార్చుకునేదాకా, ఎవరైనా, ఏ రోజైనా, కారణం చెప్పకుండా వెనక్కి పోవచ్చు. స్థిరాస్తి అమ్మకం ఒప్పందం లిఖితపూర్వకంగా, రెండు వైపులా సంతకాలతో ఉండాలని 1989 నాటి చట్టం చెబుతోంది. అంటే నోటిమాటకు బలం లేదు. ఆఫర్‌కూ ఎక్స్ఛేంజ్‌కూ మధ్య గడిచే ఆ నెలల్లో మీ ఇంటిని నిలబెట్టేదీ, జారవిడిచేదీ ఆ ఫైల్ ముందు కూర్చున్న మనిషే.

కొనడం ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకురావచ్చు. ఉన్న ఇల్లు అమ్మి, అదే రోజు ఇంకోటి కొనడమంటే రెండు ఫైళ్లు ఒకే అడుగు వేయాలి. మా ఫ్లాట్ కొనేవాళ్లకు అది మొదటి ఇల్లు. మేం కొనే ఇంటి పెద్దాయన, ఆయన భార్య కూతురి ఊరికి దగ్గరగా బంగళా, అంటే ఒకే అంతస్తు ఇల్లు, కొనుక్కుంటున్నారు. ఆ బంగళా ఖాళీగానే ఉంది. ఇలా ఒకదానికొకటి ముడిపడిన అమ్మకాల వరసే మా చైన్. ఇందులో ఎవరూ ముందు ఎక్స్ఛేంజ్ చేయలేరు, ఎవరూ వెనకబడలేరు. అమ్మకం ఎక్స్ఛేంజ్ అయి, కొనేది కాకపోతే మనకు తల దాచుకునే చోటు ఉండదు. కొనేది ఎక్స్ఛేంజ్ అయి, అమ్మకం చెడిపోతే ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? అందుకే సొలిసిటర్లు ఫోన్ మీద ఒకరి తర్వాత ఒకరు మాట ఇచ్చిపుచ్చుకుంటూ, చైన్ మొత్తాన్ని ఒకే రోజు కలుపుతారు. దానికి సొలిసిటర్ల సంఘమైన లా సొసైటీ పెట్టిన పద్ధతులు కూడా ఉన్నాయి.

డిపాజిట్ కూడా అంతే. సాధారణంగా ధరలో 10 శాతం. మన ఇల్లు కొనేవాళ్లు ఇచ్చిన డిపాజిట్‌నే మనం కొనే ఇంటికి డిపాజిట్‌గా పైకి పంపే వీలు ఇక్కడి ప్రామాణిక కాంట్రాక్టులోనే ఉంది. చిన్న ఫ్లాట్ అమ్మి పెద్ద ఇల్లు కొంటున్నాం కాబట్టి అది 10 శాతానికి చాలదు. తక్కువ డిపాజిట్‌కు ఒప్పుకుంటారా అని పైవాళ్లను, అంటే మనకు అమ్మేవాళ్లను, ముందే అడగాలి, లేదా తేడా మనం కట్టాలి. అమ్మకం ఫైల్ ఒకరి దగ్గర, కొనే ఫైల్ ఇంకొకరి దగ్గర ఉంటే ఆ ప్రశ్న అడగాల్సింది ఎవరు? మా విషయంలో ఎవరూ అడగలేదు. ఎక్స్ఛేంజ్ అనుకున్న రోజు పొద్దున 9,000 పౌండ్లు తక్కువని ఫోన్ వచ్చింది. మా ఆయన తమ్ముడు మిల్టన్ కీన్స్‌లో మీటింగ్‌లోంచి లేచి వెళ్లి పంపాడు. వెంటనే ఆ డబ్బు ఎవరిది, ఎక్కడిది అని ఇంకో విడత ప్రశ్నలు. ఎక్స్ఛేంజ్ ఎనిమిది రోజులు వెనక్కి పోయింది.

అందుకే నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇది. అమ్మకం, కొనుగోలు రెండూ ఒకే మనిషి చేతిలో ఉండాలి. ఒకే కంపెనీ అంటే సరిపోదు, మనిషి అంటున్నాను. పెద్ద కంపెనీల్లో అమ్మకాలకు ఒక టీమ్, కొనుగోళ్లకు ఒక టీమ్ ఉంటాయి. పైన బోర్డు ఒకటే అయినా లోపల ఇద్దరూ ఒకరికొకరు ఈమెయిల్ రాసుకుంటూ కూర్చుంటారు. మా చెల్లెలు స్విండన్‌లో ఇల్లు మారినప్పుడు హై స్ట్రీట్‌లో చిన్న ఆఫీసుకు వెళ్లింది. రెండు ఫైళ్లూ ఒకావిడే చూసింది. అమ్మకం డబ్బు, కొత్త లోన్ డబ్బు ఒకే క్లయింట్ అకౌంట్‌లో పడ్డాయి. అక్కడి నుంచి ఒకే పేమెంట్‌లో అవతలి సొలిసిటర్‌కు వెళ్లాయి. మధ్యాహ్నం 12:30కి తాళాలు. పైగా గుర్తింపు పత్రాల పరిశీలన ఒకసారే, బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఒకసారే, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ ఫీజు కూడా ఒకటి తగ్గింది. మేం అవే పాస్‌పోర్టులు, అవే స్టేట్‌మెంట్లు రెండు ఆఫీసులకు రెండుసార్లు పంపి, రెండుసార్లు ఫీజు కట్టాం.

ఇద్దరైతే ఒకరు ఆలస్యం చేసినా రెండోవాళ్లు పని లాగుతారని మాకు ఒక స్నేహితుడు చెప్పాడు. నిజానికి చైన్‌లో అందరికన్నా నెమ్మదిగా ఉన్నవాడి వేగమే అందరి వేగం. ఒక్కళ్ల దగ్గరే పెడితే వచ్చే ప్రమాదమూ లేకపోలేదు. 2021 నవంబరులో కన్వేయన్సింగ్, అంటే ఇళ్ల బదిలీకి కావాల్సిన లాయర్ పని, చేసే ఒక పెద్ద గ్రూప్ మీద సైబర్ దాడి జరిగి ఎందరో ఇళ్లు మారలేక మధ్యలో ఇరుక్కున్నారు. 2023 నవంబరులో లా ఆఫీసులకు కంప్యూటర్ సేవలు అందించే సంస్థ మీద దాడి జరిగినప్పుడూ అదే కథ. కానీ ఇద్దరు సొలిసిటర్లను పెట్టుకున్నా, వాళ్లలో ఒకరు మూతపడితే ఇల్లు మారడం ఎలాగూ ఆగుతుంది కదా.

ఒకే మనిషి కుదరని సందర్భమూ ఉంది. ఇంగ్లండ్‌లో అమ్మి స్కాట్లండ్‌లో కొంటే అక్కడి చట్టం వేరు, పద్ధతి వేరు, అక్కడి సొలిసిటర్ ఉండాల్సిందే. అప్పుడు మాత్రం ఇద్దరికీ మొదటి రోజే ఒకరి వివరాలు ఒకరికిచ్చి, నేరుగా మాట్లాడుకోమని రాతపూర్వకంగా చెప్పాలి.

మనవాళ్లలో ఇంకో పొరపాటు చూశాను. మా ఫ్లాట్ కొన్నది కూడా తెలుగు కుటుంబమే. "అన్నయ్యగారూ, మీ సొలిసిటర్‌నే మేమూ పెట్టుకుంటాం, ఇద్దరికీ కలిసొస్తుంది" అన్నారు మా ఆయనతో. మన దస్తావేజు లేఖరి అలవాటే అది. ఇక్కడ ఒకే ఇంటికి అమ్మేవాళ్ల తరఫున, కొనేవాళ్ల తరఫున ఒకే సొలిసిటర్ పనిచేయడం ప్రయోజనాల ఘర్షణ కిందకు వస్తుంది. సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ, అంటే ఎస్‌ఆర్‌ఏ నిబంధనలు దాన్ని చాలావరకు కట్టడి చేస్తాయి. మన అమ్మకం, మన కొనుగోలు ఒకరికి ఇవ్వడం వేరు. ఒకే అమ్మకంలో రెండు వైపులా ఒకరే ఉండటం వేరు.

ఇక ఎస్టేట్ ఏజెంట్ చెప్పే పేరు. "మా ప్యానెల్ సొలిసిటర్ అయితే పని త్వరగా అవుతుంది" అన్నాడు మా ఏజెంట్. అతను చెప్పిన ఆఫీసు మాకు 200 మైళ్ల దూరంలో ఉంది. ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ రిఫరెన్స్ నంబర్ మొదటి నుంచి చెప్పాలి. నాలుగు నెలల్లో మా ఫైల్ ముగ్గురి చేతులు మారింది. ఏజెంట్ చెప్పిన సొలిసిటర్‌నే పెట్టుకోవాలని ఎవరూ బలవంతం చేయలేరు. అలా పంపినందుకు ఏజెంట్‌కు రిఫరల్ ఫీజు ముడుతుంటే ఆ సంగతి సొలిసిటర్ మీకు చెప్పాలి, ఏజెంట్ కూడా చెప్పాలి. పని మొదట్లో సొలిసిటర్ షరతులు రాసిచ్చే క్లయింట్ కేర్ లెటర్‌లో అది తొమ్మిదో పేజీలో ఉంది. సంతకం పెట్టాక రెండు నెలలకు చదివాను. కొత్త ఇళ్లు కట్టే బిల్డర్లు కూడా 28 రోజుల్లో ఎక్స్ఛేంజ్ చేయాలని గడువు పెట్టి, తమ వాళ్ల పేరే ఇస్తుంటారు. ఆ పేర్లన్నీ చెడ్డవని అనను. మన తరఫున బిల్డర్‌ను నిలదీయాల్సిన మనిషికి పనిచ్చేది ఆ బిల్డరే అయితే, నిలదీయడానికి ఎంత చొరవ ఉంటుందో ఆలోచించండి.

ధర విషయం. 2018 డిసెంబరు నుంచి ఎస్‌ఆర్‌ఏ కింద పనిచేసే ఆఫీసులు కన్వేయన్సింగ్ ఫీజు వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. మేం పెద్ద అక్షరాల్లో కనిపించిన 595 పౌండ్లు చూశాం. ఇల్లు, స్థలం శాశ్వతంగా మనవయ్యే ఫ్రీహోల్డ్ కాక, గడువు ఏళ్లకే మనదయ్యే లీజ్‌హోల్డ్ అయితే అదనం, గిఫ్ట్ డబ్బు ఉంటే అదనం, స్టాంప్ డ్యూటీ ఫారం నింపితే అదనం, మార్ట్‌గేజ్ వ్యవహారానికి అదనం, వీటన్నిటి మీద 20 శాతం వ్యాట్. చివరి బిల్లు రెండింతలు దాటింది. అందుకే అడగాల్సింది "ఎంత?" అని కాదు. "మాది లీజ్‌హోల్డ్ అమ్మకం, ఫ్రీహోల్డ్ కొనుగోలు, అమ్మానాన్నల గిఫ్ట్ ఉంది, లోన్ ఉంది, అన్నీ కలిపి ఆఖరి పెన్నీ దాకా ఎంత? అమ్మకం చెడిపోతే ఎంత? కొనేది చెడిపోతే ఎంత?" అని అడగాలి. సమాధానం ఈమెయిల్‌లో తీసుకోవాలి.

ఆఫీసును ఎంచుకునేటప్పుడు నేను ఇప్పుడైతే ఫోన్‌లో అడిగే మొదటి మాట: నా ఫైల్ చూసేది ఎవరు, వాళ్లతో ఒకసారి మాట్లాడిస్తారా? మాట్లాడించలేమంటే అక్కడితో ఆపేస్తాను. ఆ మనిషి సొలిసిటరా, లైసెన్స్‌డ్ కన్వేయన్సరా, లేక వాళ్ల కింద పనిచేసేవాళ్లా అని అడుగుతాను. లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ అయితే తక్కువ అని కాదు, వాళ్లు చేసేదే ఈ పని. వాళ్లను నియంత్రించేది కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్. ఇప్పుడు చేతిలో ఎన్ని ఫైళ్లున్నాయి, వచ్చే మూడు నెలల్లో సెలవులున్నాయా, సెలవులో ఉంటే చూసేదెవరు, శుక్రవారం మధ్యాహ్నం నేరుగా ఎత్తే ఫోన్ నంబర్ ఏది అని అడుగుతాను. ఎన్ని ఫైళ్లున్నాయో చెప్పడానికి ఇబ్బందిపడే మనిషి దగ్గర చాలా ఉన్నాయనే అనుకుంటాను. ఆ తర్వాత, మేం లోన్ తీసుకోబోయే బ్యాంక్ ప్యానెల్‌లో, అంటే బ్యాంక్ ఒప్పుకున్న సొలిసిటర్ల జాబితాలో, ఈ ఆఫీసు ఉందా అని. లేకపోతే బ్యాంక్ తన తరఫున వేరే సొలిసిటర్‌ను పెడుతుంది, ఆ ఖర్చు మనదే, ఆలస్యమూ మనదే. మధ్యలో బ్రోకర్ బ్యాంక్ మారిస్తే ఈ ప్రశ్న మళ్లీ అడగాలి. లా సొసైటీ ఇచ్చే కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు ఉందా అనేది కూడా తెలుసుకోవచ్చు. కానీ ఒక్క ఆ ముద్ర చూసి తృప్తిపడను, మా మొదటి ఆఫీసుకు ఆ ముద్ర ఉంది.

ఇదంతా చేయాల్సింది ఇల్లు అమ్మకానికి పెట్టకముందే. కొనేవాళ్లు దొరికాక ఆ హడావుడిలో ఏజెంట్ చేతిలోని పేరే మన పేరవుతుంది. ముందే సొలిసిటర్ ఉంటే ఇంటి వివరాల ఫారం టీఏ6, ఇంట్లో వదిలే సామాన్ల ఫారం టీఏ10 నింపి పెట్టుకోవచ్చు. లీజ్‌హోల్డ్ అయితే లీజు వివరాల ఫారం టీఏ7తోపాటు, భవనం నిర్వహణ చూసే మేనేజింగ్ ఏజెంట్ నుంచి ఎల్‌పీఈ1 అనే ఫారంలో సమాచారం తెప్పించాలి. మాది అడిగిన ఐదు వారాలకు వచ్చింది. కిటికీలు మార్పించినప్పుడు, పని నిబంధనల ప్రకారం జరిగిందని ఇచ్చిన ఫెన్సా సర్టిఫికెట్ ఎక్కడ పెట్టామో గుర్తు రాలేదు. అటకంతా వెతికి, చివరికి డూప్లికేట్ తెప్పించాం. బాయిలర్ కాగితాలూ అంతే. ఇవన్నీ ఖాళీగా ఉన్న రోజుల్లో చేసుకుంటే గంట పని. చైన్‌లో ముగ్గురు ఎదురుచూస్తున్నప్పుడు చేస్తే టెన్షన్.

మన తెలుగు కుటుంబాలకు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో సొలిసిటర్ తెలుసుకోవాల్సిందే, 2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనలు అలా చెబుతున్నాయి. మా నాన్న తెనాలి దగ్గర స్థలం అమ్మి కొంత ఇచ్చారు. కొంత మా చిట్టీ డబ్బు. తెలుగులో ఉన్న దస్తావేజును అనువాదం చేయించి ఇచ్చాం, నాన్న బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఇచ్చాం, తిరిగి అడగనని నాన్న సంతకం చేసిన గిఫ్ట్ లెటర్ ఇచ్చాం. చిట్టీ దగ్గర ఆగిపోయింది. "నెల నెలా కట్టి, పాట పాడి తీసుకున్న డబ్బు" అంటే అక్కడ అర్థం చేసుకున్నవాళ్లు లేరు. రిజిస్టర్డ్ చిట్ కంపెనీ నుంచి పాస్‌బుక్, చెల్లింపు లెటర్ తెప్పించేదాకా మూడు వారాలు. పైగా ఇండియా నుంచి డబ్బు కదలడానికీ పరిమితులున్నాయి. అక్కడ ఉంటున్నవాళ్లు పంపితే లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 2,50,000 డాలర్లు. విదేశాల్లో ఉంటున్న మనకు ఇండియాలో ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచైతే 10 లక్షల డాలర్లు. అందుకే ఇండియా డబ్బు వ్యవహారం ఇంతకుముందు చూశారా అని మొదటి ఫోన్‌లోనే అడగాలి. చూసిన మనిషి ఏ కాగితాలు కావాలో అప్పుడే చెప్పేస్తారు. ఇంత చెప్పినా, తెలుగో హిందీనో మాట్లాడతారు కాబట్టి ఆ సొలిసిటర్ మంచివాళ్లని అనుకోకండి. రెండో ఆఫీసులో మా ఫైల్ చూసింది తెలుగాయనే. మర్యాదగా మాట్లాడేవారు. ఈమెయిల్‌కు జవాబు మాత్రం పది రోజులకు వచ్చేది.

స్టాంప్ డ్యూటీ దగ్గర మనవాళ్లు చాలామంది భయపడతారు. హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉంటే ఇక్కడ ఎక్కువ కట్టాలా అని. ఇంగ్లండ్‌లో అదనపు ఇంటి మీద 2024 అక్టోబరు 31 నుంచి 5 శాతం సర్‌చార్జి ఉంది. ప్రపంచంలో ఎక్కడ ఇల్లున్నా, మన వాటా 40,000 పౌండ్లు, ఆపైన ఉంటే సాధారణంగా లెక్కలోకి వస్తుంది. కానీ ఉంటున్న ఇల్లు అమ్మి, దాని బదులు ఉండటానికే ఇంకోటి కొంటే, హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉన్నా సర్‌చార్జి పడదు. రెండు ఫైళ్లు కలిసి నడవడం ఇక్కడ కూడా డబ్బుతో ముడిపడిన విషయమే. 4,50,000 పౌండ్ల ఇంటికి మామూలు స్టాంప్ డ్యూటీ 12,500 పౌండ్లు. అమ్మకం వెనకబడి, కొనేది ముందు కంప్లీట్ అయితే, అంటే డబ్బు కట్టి తాళాలు తీసుకుంటే, ఆ రోజు చివరికి రెండిళ్లు మన పేరున ఉన్నట్టు. ఇంకో 22,500 కట్టాలి. మూడేళ్లలోపు పాతది అమ్మితే తిరిగి అడగవచ్చు గానీ, ఆ రోజుకు ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? చాలామంది కన్వేయన్సర్లు పన్ను సలహా ఇవ్వమని ముందే రాసేస్తారు. ఇస్తారో లేదో అదీ అడగాలి.

కంప్లీషన్ రోజు గురించి ఒక్క మాట, ముఖ్యంగా అమ్మానాన్నలు వచ్చి ఉన్న ఇళ్లకు. తాళాలు వచ్చే రోజును ముహూర్తం రోజు చేయకండి. ప్రామాణిక కాంట్రాక్టులో డబ్బు చేరాల్సిన సమయం మధ్యాహ్నం 2 గంటలు. ఆ తర్వాత చేరితే పరిహారం లెక్కకు మర్నాటి పనిదినం చేరినట్టే. శుక్రవారమైతే అది సోమవారం. మాకు ఇల్లు అమ్మిన పెద్దాయన సోమవారం దాకా వడ్డీ అడగవచ్చు, అయినా అడగలేదు. కాసేపు కారు దిగి చలిలో నిలబడిన మా అమ్మను చూసి, తమ వ్యాన్‌లోంచి మడత కుర్చీ తీసి ఇచ్చారు. అందరూ శుక్రవారమే కావాలంటారు, వారాంతంలో సర్దుకోవచ్చని. ఏదైనా తేడా వస్తే శనివారం ఫోన్ ఎత్తేవాళ్లుండరు. మంగళవారమో బుధవారమో మేలు. డబ్బంతా కదిలేది చాప్స్ ద్వారా, అంటే పెద్ద మొత్తాలను అదే రోజు బ్యాంకుల మధ్య పంపే వ్యవస్థ ద్వారా. 2014 అక్టోబరు 20న ఆ వ్యవస్థే గంటల తరబడి ఆగి, ఇళ్లు మారేవాళ్లు వ్యాన్లతో రోడ్ల మీద ఉండిపోయారు. అమ్మ ఆదివారం మంచి వేళ చూసి పాలు పొంగించింది. ముందే అలా పెట్టుకుని ఉంటే ఆ శుక్రవారం కొంచెమైనా తేలికయ్యేది.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేది. 2025 అక్టోబరులో ప్రభుత్వం ఇళ్ల అమ్మకాలు, కొనుగోళ్ల పద్ధతి మార్చడానికి అభిప్రాయాలు అడిగింది. ఇంటి వివరాలు ముందే ఇవ్వాలని, మధ్యలో మాట తప్పకుండా కట్టుబాటు ఉండాలని అందులో ఉంది. అవి అమలయ్యేదాకా మనవాళ్లు ఆగరు. ఈ వేసవిలోనే మీ సభ్యుల్లో ఎందరో ఫ్లాట్ అమ్మి, పిల్లల స్కూల్ కోసం ఇల్లు కొంటారు.

వచ్చే ఉగాదికి, దసరాకు మీ కార్యక్రమంలో ఒక గంట దీనికి ఇవ్వండి. కవి సమ్మేళనం తగ్గించమనను, మధ్యాహ్నం భోజనాలయ్యాక చాలు. ఏ సొలిసిటర్ పేరూ చెప్పనక్కర్లేదు. ఇల్లు మారిన ఇద్దరు ముగ్గురు సభ్యులు కూర్చుని తమకు జరిగింది చెబితే చాలు. సొలిసిటర్, మార్ట్‌గేజ్ బ్రోకర్ ఎవరు స్పాన్సర్‌గా వచ్చినా, వాళ్ల బల్ల మీద ఒక కాగితం పెట్టించండి. ఈ సంఘం ద్వారా తమ దగ్గరకు వచ్చినవాళ్ల విషయంలో ఎవరికి ఎంత ముడుతుందో, ఏమీ ముట్టకపోతే ఆ మాట, పెద్ద అక్షరాల్లో. అది రాయడానికి ఒప్పుకోని స్పాన్సర్ డబ్బు వద్దనుకోండి. మీ గ్రూపుల్లో ఎవరైనా "చవగ్గా సొలిసిటర్ ఎవరైనా ఉన్నారా?" అని అడిగినప్పుడు, పేరు ఇచ్చేముందు అమ్మకమా, కొనడమా, రెండూనా అని అడిగే ఒక మనిషిని పెట్టండి. నష్టపోయినవాళ్లకు దారి కూడా చెప్పండి. ముందు ఆఫీసుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ఎనిమిది వారాల్లో పరిష్కారం రాకపోతే లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఫీజు ఉండదు. మేం వెళ్లాం, అది ఇంకా నడుస్తోంది.

రెడింగ్ చుట్టుపక్కల ఏ సంఘం ఆ గంట పెట్టినా నేను వస్తాను. మా రెండు ఫైళ్లు, తొమ్మిదో పేజీ దగ్గర గుర్తు పెట్టిన ఆ క్లయింట్ కేర్ లెటర్, ఆ 595 పౌండ్ల కొటేషన్, దాని చివరి బిల్లు పట్టుకొస్తాను. ఎవరైనా చేతిలోకి తీసుకుని చూసుకోవచ్చు.

ఇట్లు,
రెడింగ్‌లో పదకొండేళ్లు ఉండి, ఇప్పుడు పక్క ఊళ్లో ఉంటున్న మీ సభ్యురాలు